చెప్పకుండా ముట్టను

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే, కనబడితే నా దగ్గరికి పంపండి, జాకెట్ కొలతలు తీసుకుంటాను అనేదాన్ని. గని కాలనీలో కుట్టుమిషన్ మీద బతికేదాన్ని. కంటితో చూసి, టేపుతో కొలిచిందే నమ్ముతాను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ కరీంనగర్ ఆసుపత్రిలో జరిగిన ఒక్క సంగతి మాత్రం నా టేపుకు అందలేదు.

అది చలికాలం. మా ఇంట్లో స్నానానికి నీళ్లు ఇంకా బొగ్గుల పొయ్యి మీదే కాగుతాయి. గిన్నె దించుతుంటే చీర కొంగు అంటుకుంది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన మా ఆయన గొంగడి కప్పి ఆర్పాడు. మెడ దగ్గర కొంచెం కాలింది. మండుతున్న కొంగును చేత్తో పట్టి లాగాను కదా, కుడి చెయ్యి మాత్రం బాగా కాలింది. కత్తెర పట్టే చెయ్యి.

కాలిన గాయాల వార్డులో డ్రెస్సింగు బండి చప్పుడు వింటేనే ఎవరి మంచం మీద వాళ్లు ముడుచుకుంటారు. పాత గుడ్డ పుండుకు అతుక్కుని ఉంటుంది. దాన్ని ఊడదీసేటప్పుడు ప్రాణం పోయినంత పనవుతుంది.

సులోచనక్క అక్కడ పెద్ద సిస్టర్. మొదటి రోజే నా మంచానికి ఎడమవైపు, తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని ఒక మాట ఇచ్చింది.

"నీకు చెప్పకుంట ముట్టను బిడ్డా. ఫికర్ చెయ్యకు."

ఆ మాట ఏ రోజూ తప్పలేదు. సెలైన్ నీళ్లు పోసి, గుడ్డ దానంతట అది వదిలేదాకా కూర్చునేది. ఇప్పుడు తడుపుతున్న, ఇప్పుడు అంచు లేపుతున్న అని ప్రతిదీ ముందే చెప్పేది. ఒకసారి నొప్పికి తట్టుకోలేక ఆమెను నానా మాటలూ అన్నాను. తిట్టు, మంచిగుంటది అని నవ్వి, నా తల దువ్వి జడ వేసింది. మా అవ్వ పోయాక నాకు జడ వేసిన మనిషి ఆమే. ఆ రోజు నొప్పికి కాదు, దానికే ఏడ్చాను.

తర్వాత తొడ మీది చర్మం తీసి చేతికి అతికారు. మొదటి కట్టు విప్పేటప్పుడు కొత్త చర్మం గుడ్డతో పాటు లేచివస్తే బొటనవేలు మళ్లీ వంగదని డాక్టరు ముందే చెప్పారు. వేలు వంగకపోతే నా బతుకుతెరువు పోయినట్టే.

కట్టు విప్పే రోజుకు సులోచనక్క లేదు. లక్సెట్టిపేటలో వాళ్ల పెద్దమ్మ పోయిందని కబురొస్తే, వెళ్లలేక వెళ్లలేక వెళ్లింది. ఆమె బదులు మౌనిక అనే కొత్త సిస్టర్ వచ్చింది. మంచి పిల్లే. కానీ ఆ ఉదయం కొత్త పేషెంట్లు వచ్చి వార్డంతా గందరగోళంగా ఉంది. గబగబా నీళ్లు చల్లి గుడ్డ అంచు పట్టుకుంది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

నా ఎడమవైపు, తల దగ్గర నుంచి సులోచనక్క గొంతు వినబడింది.

"జర ఆగు చెల్లె. గుడ్డ ఇంకా తడవలే."

మౌనిక చెయ్యి ఆగింది. సరే అక్కా అని జవాబు కూడా చెప్పింది. సీసాలో మిగిలిన నీళ్లన్నీ పోసి, చేతి మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. చాలాసేపటికి గుడ్డ మెత్తగా జారింది. కొత్త చర్మం చెక్కుచెదరలేదు.

అప్పుడు ఇద్దరం తలలు తిప్పి చూశాం. తల దగ్గరి స్టూలు ఖాళీ.

అక్క ఎప్పుడొచ్చిందని మౌనిక నన్ను అడిగింది. నేనూ ఆమెను అదే అడగబోతున్నాను. తలుపు దగ్గర కూర్చున్న మా ఆయన ఎవరూ రాలేదన్నాడు. భయంతో నాకే అలా వినబడిందని సరిపెట్టుకునేదాన్నే. కానీ జవాబిచ్చింది మౌనిక కదా.

ఫోన్ చేశాం. సులోచనక్క లక్సెట్టిపేటలోనే ఉంది, చావు స్నానానికి గోదావరిలో మునిగి అప్పుడే ఒడ్డుకొచ్చిందట. వెనక ఆడవాళ్ల ఏడుపు మాకు వినబడుతోంది. మేం చెప్పిందంతా విని ఇలా అంది.

"పొద్దటి సంది నా పానమంత మీ కాడనే ఉండె. ఎవలు చెప్తేంది, మంచిగ తడిపిన్రు గద."

ఇంటికొచ్చాక నేను మొదట కుట్టింది సులోచనక్క జాకెట్టే. కొలతలకు రమ్మంటే తీరికెక్కడిదంది. అందాజుగా కోసి కుట్టాను, అతికినట్టు సరిపోయింది. వేలు కొంచెం బిరుసే, చలికి మొండికేస్తుంది. అయినా కత్తెర పడుతున్నాను. ఆ రోజు నా తల దగ్గర మాట్లాడిందెవరో, వేరే ఊళ్లో ఉన్న మనిషి గొంతు వార్డులోకి ఎట్లా వచ్చిందో ఇవాళ్టికీ నాకు తెలియదు. తెలియకుండానే రోజూ దండం పెట్టుకుంటున్నాను.

మొన్న చెయ్యి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు వార్డులోకి తొంగిచూశాను. మౌనిక ఒక ముసలాయన మంచానికి ఎడమవైపు స్టూలు వేసుకుని కూర్చుంది. కట్టు మీద నీళ్లు పోస్తోంది.

"చెప్పకుంట ముట్టను తాతా" అంటోంది.

అచ్చం సులోచనక్క గొంతే. ఈసారి కళ్లు తెరుచుకునే విన్నాను.