కిటికీ దగ్గర ఆఖరి మనిషి

మా తాతయ్య ఆదాయపు పన్ను రిటర్నును గడువు రోజున, ఆఖరి గంటలో, వరసలో ఆఖరి మనిషిగా తప్ప ఇవ్వడు. ఆరు నెలల ముందే ఫారం నింపేసి, నలగకుండా దిండు కింద పెట్టుకుంటాడు. దాని మీద పడుకుంటాడు గానీ తీసుకెళ్లి ఇవ్వడు.

"ఇచ్చేసి రావచ్చుగా!" అంటుంది నాయనమ్మ.

"గడువంటే ఆఖరి రోజే. అంతకు ముందు ఇస్తే అది తొందరపాటు."

"మన పెళ్లికీ ఇలాగే వచ్చారు. ఇంకో అరగంటైతే మా నాన్న నన్ను ఇంకొకరికి ఇచ్చేసేవాడు!"

"ఆ అదృష్టవంతుడెవరో బతికిపోయాడు."

తొమ్మిదో తరగతిలో లెక్కలకూ నాకూ మాటల్లేకుండా పోయాయి. ఆ పైన బడికీ నాకూ. ఇంట్లో తీరిగ్గా ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి ఈ ఏడాది తాతయ్యకు తోడు వెళ్లే ఉద్యోగం నాకే పడింది.

ఈసారి గడువు రోజు పొద్దున్నే వీధి చివరి దర్జీ అత్త సంచీతో వచ్చింది.

"బాబాయ్, పన్ను కాగితాలన్నీ ఉన్నాయి, బ్యాంకు కాగితమొక్కటే రావాలి. ఇవాళ్టి తేదీతో ముద్ర పడకపోతే నా కొట్టు లైసెన్సు పోతుందట!"

తాతయ్య ఇంతెత్తున లేచాడు. "ఏడాదంతా ఏం చేశావమ్మాయ్? ఆఖరి రోజు దాకా నాన్చుతారా ఎవరైనా? కాస్త బాధ్యత ఉండక్కర్లా?"

ఆ మాట ఎవరి నోట వస్తోందో విని నాయనమ్మకు కాఫీ పొలమారింది.

మూడింటికి ట్యాక్స్ ఆఫీసుకు చేరాం. వెనక ఎవరొచ్చినా తాతయ్య "ముందు మీరు కానివ్వండి" అంటూ పక్కకు జరిగాడు. ఒకాయన నిచ్చెనతో వచ్చాడు.

"ముందు మీరు కానివ్వండి."

"నేను ఫ్యాను బాగుచేయడానికి వచ్చానండీ!"

"అయినా సరే."

ఐదుకు పావు తక్కువకు మేమిద్దరమే మిగిలాం. తాతయ్య కిటికీ ముందు నిలబడి పెన్ను మూత తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టాడు.

"నా కళ్లజోడు కనబడటం లేదు."

"ముక్కు మీదే ఉంది తాతయ్యా."

నా కాలు తొక్కాడు.

ఐదైంది. పక్క కిటికీలన్నీ ధనధనా మూతపడ్డాయి. మాది మాత్రం పడలేదు. ఐదింటికి కిటికీ దగ్గరున్న మనిషి పని అయ్యేదాకా మూయకూడదని గోడ మీద బోర్డు ఉంది.

"గుమాస్తాగారూ, నా సంతకం ఇలాగే ఉంటుందా? పోయినేడాదిది చూపిస్తారా?" అన్నాడు తాతయ్య.

సిగ్గుతో నేను బల్ల కింద దూరేదాన్నే. ఆ గుమాస్తా మాత్రం విసుక్కోకుండా బీరువాలన్నీ వెతకడం మొదలుపెట్టాడు. ఐదూ ఇరవైకి దర్జీ అత్త మెడలో కొలతల టేపుతో రొప్పుతూ వచ్చిపడింది.

తాతయ్య చటుక్కున పక్కకు జరిగాడు. "ముందు నువ్వు కానివ్వు!"

అత్త కాగితాల మీద ధన్‌మని ముద్ర పడింది. తర్వాత గుమాస్తా తాతయ్య ఫారం అందుకుని, విప్పనైనా విప్పకుండా సొరుగులో పడేశాడు. అందులో అలాంటివే ఓ కట్ట ఉంది.

"అదేంటండీ, మాకు ముద్ర వేయరా?" అన్నాను.

"ఎందుకమ్మా? రిటైరయ్యాక మీ తాతగారికి పన్ను పడేంత ఆదాయమే లేదు. రిటర్ను ఇవ్వనే అక్కర్లేదు. పదకొండేళ్లుగా చెబుతున్నాను."

"మరెందుకొస్తున్నాడు?"

"ఏటా ఐదు దాటాక ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. అప్పటిదాకా కిటికీ మూయనివ్వకుండా ఒకరు నిలబడాలి కదా."

తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి. "మీరు మరీ ఎక్కువ మాట్లాడతారు," అని గుమాస్తాను కసిరి, నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. దర్జీ అత్త కళ్లు తుడుచుకుంటూ వెనకాలే వచ్చింది.

"బాబాయ్, వచ్చే ఏడాది ఒట్టు, నాలుగింటికల్లా వచ్చేస్తాను."

"నాలుగింటికి వద్దు, అప్పుడాయన టీకి వెళ్తాడు," అన్నాడు తాతయ్య. "ఐదుంబావుకి రా. తీరిగ్గా."