అద్దం మీద రాగిరేకు

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఈ మాట ఒప్పుకోవడానికి యాభై ఏళ్ళు పట్టింది. ఒప్పుకునేసరికి, వినవలసిన మనిషి లేకుండా పోయింది.

ఇల్లు చిలకలూరిపేటలో, ఉద్యోగం ఒంగోలులో. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు తగ్గిపోయారు. నాన్న పోయాక అమ్మా నేనూ, అంతే. బస్సుల్లో తిరిగి తిరిగి నడుం పడిపోయి, నలభై ఏడో ఏట డ్రైవింగ్ నేర్చుకుని కారు కొన్నాను. నేర్పినతను, "మేడం, మీరు బ్రేకు మీద కూడా కోప్పడుతున్నారండీ" అన్నాడు. అతను నవ్వాడు గానీ నేను నవ్వలేదు.

కారు ఇంటికొచ్చిన రోజు పూజ. కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు, గంధం అన్నీ అమ్మే పళ్ళెంలో సర్దింది. సర్ది, వెళ్ళి గేటు వెనక నిలబడింది.

"ముందుకి రా అమ్మా, బొట్టు పెట్టు" అన్నాను.

"నేనెందుకే? పక్కింటావిణ్ణి పిలువు. ముత్తైదువ చెయ్యి పడాలి."

"కారు నాది. నన్ను కన్నది నువ్వు. మధ్యలో పక్కింటావిడెవరు?"

"శుభమా అని బండి కొనుక్కుని ఈ వాదనలెందుకే" అంది గానీ కదల్లేదు. నాన్న పోయి అప్పటికి పదకొండేళ్ళు. అన్నేళ్ళుగా అమ్మ కుంకుమ భరిణె ముట్టలేదు. దేవుడి పటాలకి గంధం తనే పెట్టేది, కుంకుమ దగ్గరికొచ్చేసరికి నన్ను కేకేసేది. పక్కింటావిడ వచ్చి అద్దానికి మూడు బొట్లు పెట్టి, ప్రసాదం తీసుకుని వెళ్ళింది. నాకు ఒళ్ళు మండి ఆ రోజు పాయసం ముట్టలేదు.

కారు ముందద్దానికి, వెనక వచ్చే బళ్ళు చూసుకునే చిన్న అద్దం ఉంటుందే, దాని చాటున షోరూం వాళ్ళు ఫాస్టాగ్ అంటించారు. టోల్‌గేటు పైనున్న మిషను దాన్ని చదువుతుంది, నా నెల పాసు చూసుకుంటుంది, గేటు కర్ర లేస్తుంది. ఎవరితోనూ మాట అక్కర్లేదు, చిల్లర గొడవ లేదు. నా స్వభావానికి కొలిచి కుట్టినట్టున్న ఏర్పాటు. మొదటి నెల మహారాణిలా వెళ్ళాను.

తర్వాత ఒకరోజు కర్ర లేవలేదు. ముందుకీ వెనక్కీ జరిపాను, లేవలేదు. నా వెనక మిరప టిక్కీల లారీ. గోతాల్లోంచి వచ్చే ఘాటుకి నాకు తుమ్ములు, ఆగిపోయినందుకు వాడి హారన్లు. చివరికి బూత్‌లోంచి ఒకావిడ చేతిమిషను పట్టుకుని దిగి, మునివేళ్ళ మీద లేచి అద్దానికి ఆనించింది. మూడోసారికి గానీ చదవలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ట్యాగు పాడైందేమోనని కొత్తది తెప్పించుకోవాలనుకుంటూ, పరీక్షల పనిలో పడి వాయిదా వేస్తూ వచ్చాను.

బూత్ ఆవిడకి ముప్పై అయిదేళ్ళుంటాయి. మార్టూరు పక్క పల్లెటూరు, ఇద్దరు పిల్లల తల్లి. ఈ వివరాలు నేను అడిగి తెలుసుకున్నవి కావు. అమ్మ రాబట్టినవి. శనివారం మాకు ఒంటిపూట. ఆ రోజు అమ్మ నాతో బయలుదేరేది. మధ్యాహ్నం దాకా కాలేజీ లైబ్రరీలో వారపత్రికలు తిరగేసి, ఆ తర్వాత నాతో కొత్తపట్నం వచ్చి సముద్రం ముందు కూర్చునేది. చేతిమిషను మూడుసార్లు ఆడించేలోపు అమ్మ కిటికీ దించి కబుర్లు మొదలుపెట్టేది.

"ఏమ్మాయ్, పొద్దున ఏమన్నా తిన్నావా?"

"ఎక్కడండీ అమ్మగారూ, ఆరింటికే డ్యూటీ ఎక్కాలి."

"వట్టి కడుపుతో ఈ పొగలో నిలబడితే ఏమవుతావే?"

వెనక బళ్ళవాళ్ళు నన్ను తిడుతుంటే వీళ్ళిద్దరూ ఇడ్లీల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఒక శనివారం అమ్మ గాజుసీసా నిండా పండుమిరపకాయ పచ్చడి తీసుకొచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. సీసా పట్టుకున్న అమ్మ ఉంగరపు వేలి కొస ఒకపక్క చదునుగా ఉండేది. చిన్నప్పుడు తలుపు సందులో నలిగిందట. ఆ వేలితోనే పచ్చడి రుచి చూసేది, ఆ వేలితోనే నన్ను బెదిరించేది.

ఇంకో శనివారం మిషన్లు బాగుచేసే కుర్రాడెవరో అక్కడే ఉన్నాడు. కారులోకి తొంగి చూసి, "ఇదేంటి మేడం, ట్యాగు వెనకాల రాగిరేకు పెట్టారు? రేకుంటే మిషను ఎట్టా చదువుద్దండీ?" అన్నాడు.

ఆ రేకు నాకు తెలియనిది కాదు. కనిగిరిలో అర్చకత్వం చేసే మా మేనమామ ఇచ్చిన యంత్రం. ఎండిపోయిన తమలపాకంత ఉంటుంది. "ముత్తైదువ చేత బొట్టు పెట్టించి బండికి అంటించండి, ఏ ప్రమాదమూ రాదు" అన్నాడు. నేను కాలేజీలో ఉన్నప్పుడు అమ్మే అంటించింది. చిన్న అద్దం చాటున దాని అంచు రోజూ కనబడుతూనే ఉంది. పాతికేళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నదాన్ని, రేకు వచ్చిన వారమే ట్యాగు మొండికేసిందన్న చిన్న లెక్క కట్టలేకపోయాను. ఆ ఉక్రోషమంతా అమ్మ మీద చూపించాను.

"ఇంత కారులో నీకు చోటే దొరకలేదా? సరిగ్గా ట్యాగు మీదే అంటించాలా? రోజూ దారినపోయే ప్రతివాడి చేతా నేను తిట్లు తింటున్నది నీ రేకు వల్లా?"

చెయ్యి చాచి పీకబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తీయకే. అది మాత్రం తీయకు. నీకు దణ్ణం పెడతాను."

"దణ్ణాలు దేవుడికి పెట్టుకో" అన్నాను. బూత్ ఆవిడ తల దించుకుని మిషను వంక చూస్తూ నిలబడింది. ఆ రోజు కొత్తపట్నంలో అమ్మ కారు దిగలేదు.

రేకు మాత్రం తీయలేదు. తీస్తే ఏడుస్తుందన్నది పైకి చెప్పుకున్న కారణం. అసలు సంగతి వేరు. నేను రోజూ ఇబ్బంది పడుతున్నట్టు అమ్మకి కనబడుతూ ఉండాలి. మా ఇంట్లో అలగడమంటే అదీ. అమ్మ కూడా శనివారాలు రావడం మానేసింది. మోకాళ్ళు నొప్పులంది. నేను రమ్మని బతిమాలలేదు.

కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న అమ్మ మళ్ళీ లేవలేదు. నేను కాలేజీలో ఉన్నాను. పక్కింటావిడ ఫోన్ చేసింది. ఆ రోజు గేటు దగ్గర ఎలా ఆగానో, ఎవరు వదిలారో గుర్తులేదు. రోడ్డుకి రెండువైపులా ఎర్రగా ఆరబోసిన కాయలు మాత్రం గుర్తున్నాయి.

పన్నెండు రోజులయ్యాక మళ్ళీ కాలేజీకి బయలుదేరాను. బూత్ ఆవిడ ఎప్పటిలాగే మిషను పట్టుకుని వచ్చింది.

"సెలవు పెట్టారా మేడం? అమ్మగారు బాగున్నారా? శనివారాలు రావట్లేదేం?"

"మోకాళ్ళ నొప్పులు" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"ఆముదం కాచి రాయమనండి. మా అత్తకి తగ్గినయ్."

"చెబుతాను."

అలా మొదలైంది. అబద్ధం ఆడితే ఆడపిల్లలు పుడతారంటారు. నాకు ఎవరూ పుట్టలేదు, అబద్ధం మాత్రం రోజురోజుకీ పెరిగింది. ఆముదం రాశానన్నాను, కొంచెం నయమన్నాను, వానలకి మళ్ళీ ఎక్కువైందన్నాను. వేరే లేన్లు ఖాళీగా ఉన్నా ఆవిడ ఉన్న లేన్‌లోకే తిప్పేదాన్ని. ఆవిడది మధ్యాహ్నం డ్యూటీ అయిన వారాల్లో పొద్దున ఎవరో మొగపిల్లాడు మాటా పలుకూ లేకుండా మిషను ఆడించేవాడు. ఆ వారమంతా నాకు అన్నం సయించేది కాదు. వంటింట్లో అమ్మ లేదు, వసారాలో లేదు, దేవుడి గదిలో లేదు. ఆ లేన్‌లో మాత్రం మోకాళ్ళ నొప్పులతో ఉంది.

అందుకే రేకు తీయలేదు. తీస్తే కర్ర దానంతటదే లేస్తుంది. ఆగే పని ఉండదు, ఆవిడ దిగే పని ఉండదు. ఇక అమ్మ గురించి అడిగేదెవరు?

ఒంటరితనం గురించి గొప్పగా చెప్పేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. అందులో గొప్ప ఏమీ లేదు. గ్లాసుడు బియ్యం వండితే రెండు పూటలు వస్తుంది. శనివారం మధ్యాహ్నం కాలేజీ గేటు దాటాక సోమవారం పొద్దున టోల్‌గేటు దాకా నోరు విప్పే పని ఉండదు. ఒక సోమవారం "బాగున్నావా?" అందామని నోరు తెరిస్తే గొంతు పెగల్లేదు. అంతే, అదే ఒంటరితనం.

పత్తి లారీలు తిరగడం మొదలై, రోడ్డు అంచున తెల్లటి పీచు కొట్టుకొస్తున్న రోజుల్లో ఒక ఉదయం ఆవిడ మిషను ఆడిస్తూ చెప్పింది.

"పై నెల నుంచి ఈ లేన్లలో మనుషులు ఉండరంట మేడం. అన్నీ కెమేరాలేనంట. మమ్మల్ని వేరే పనిలో పెడతారో, ఇంటికే పొమ్మంటారో తెలీదు. మీరు ముందు ఆ రేకు సంగతి చూసుకోండి. చదవకపోతే రెండింతలు పడుద్ది."

చెప్పి, బూత్‌లోకి వెళ్ళి గాజుసీసా తెచ్చి నా చేతికిచ్చింది. అమ్మ ఇచ్చిన సీసానే, శుభ్రంగా కడిగి ఉంది. అడుగున నాలుగు పటికబెల్లం పలుకులు.

"కొంచెం కొంచెం తింటా మొన్నటిదాకా దాచుకున్నానండి. ఖాళీ సీసా ఇయ్యకూడదు గదా అని బెల్లం వేశా. అమ్మగారికియ్యండి."

సీసా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ సీసా తీసుకెళ్ళి ఎవరికిచ్చేది?

"అమ్మ లేదు" అన్నాను.

"ఊరెళ్ళారా?"

"పోయింది. మిరపకాయల టైములోనే పోయింది."

ఆవిడ మిషను దించేసింది. "మరి ఇన్నాళ్ళూ..."

"నువ్వు అడుగుతుంటే చెప్పబుద్ధి కాలేదు."

వెనక హారన్లు మొదలయ్యాయి. ఆవిడ వాళ్ళ వైపు తిరిగి, "ఒరేయ్, ఉండండ్రా కాసేపు, కొంపలేం మునగలా!" అని గట్టిగా అరిచింది. తర్వాత కిటికీలోంచి చెయ్యి పెట్టి నా భుజం మీద వేసింది. ఆర్నెల్లు దాటింది నన్నొక మనిషి ముట్టుకుని. నేను ఏడ్చాను. స్టీరింగ్ పట్టుకుని, కాలేజీకి ఆలస్యమవుతుందని తెలిసీ ఏడ్చాను.

ఆ ఆదివారం రేకు తీయడానికి కూర్చున్నాను. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డ, పాత చాకు. అమ్మ రేకు నాలుగంచులా టేపు వేసింది, గాలి కూడా దూరనంత గట్టిగా. ఎందుకంత జాగ్రత్త అని అప్పుడు కూడా విసుక్కున్నాను. నాలుగో అంచు ఊడాక రేకు నా చేతిలోకి వచ్చింది.

దాని కింద, ట్యాగు వెనకవైపు తెల్లకాగితం మీద, కుంకుమ బొట్టు ఉంది. ఒకపక్క గుండ్రంగా, ఒకపక్క చదునుగా.

అమ్మ ఉంగరపు వేలు. యంత్రం అంటించిన రోజు అమ్మ పక్కింటావిణ్ణి పిలవలేదు. నన్నూ పిలవలేదు. నేను ఇంట్లో లేనప్పుడు, పదకొండేళ్ళుగా ముట్టని భరిణె తీసుకుని కారులోకి వచ్చి కూర్చుంది. కూతురి బండికి తన చేత్తో ఒక్క బొట్టు పెట్టుకుంది. పెట్టాక భయపడి ఉంటుంది. ఎవరూ చూడకూడదని రేకుని సరిగ్గా దాని మీదే కప్పి, చుట్టూ టేపు వేసింది. మిగతా కారంతా వదిలేసి ట్యాగు మీదే ఎందుకు అంటించావని నేను అరిచాను. అది తెలివితక్కువతనం అనుకున్నాను. దణ్ణం పెడతాను తీయకే అని బతిమాలింది యంత్రం కోసం కాదు. బొట్టు బయటపడుతుందని, ఇంత పాపం చేశావా అని నేను అంటానేమోనని.

నేనెందుకంటానమ్మా? ముందుకు రమ్మని మొదట పిలిచింది నేనే కదా. కానీ దగ్గర కూర్చుని అడగాల్సింది. అరిస్తే ఎవరు చెబుతారు?

రేకుని డాష్‌బోర్డ్ మీద, పటికబెల్లం సీసా పక్కన పెట్టాను. బొట్టు తుడవలేదు. దానివల్ల కూడా మిషను చదవకపోతే చదవకపోనీ, రెండింతలు కడతాననుకున్నాను.

సోమవారం ఎప్పటి లేన్‌లోకే తిప్పాను. అలవాటు కొద్దీ నెమ్మది చేసి కిటికీ దించాను. ఆపేలోపే టప్పున కర్ర లేచింది. వెనక బండి హారన్ కొడితే ముందుకు పోనిచ్చాను. అద్దంలో చూస్తే, బూత్ ఆవిడ చేతిమిషను పట్టుకుని దిగి, నేను ఆగే చోట నిలబడి ఉంది. చెయ్యి ఎత్తింది. నేనూ ఎత్తాను గానీ అప్పటికే దూరం వచ్చేశాను.

తన చెయ్యి పడితే నాకు ఏం అడ్డొస్తుందోనని అమ్మ అంత భయపడింది. అడ్డొచ్చింది రేకు. బొట్టు దేనికీ అడ్డు రాలేదమ్మా, కర్ర చక్కగా లేచింది అని ఇంటికెళ్ళగానే చెప్పాలనిపించింది. సాయంత్రం వెళ్ళి తాళం తీశాను.