కంట్లో నలుసు

మావారు కిరండూల్ ఇనుప గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన ఊపిరితిత్తుల్లోని క్యాన్సర్ మెదడుకు పాకిందేమో చూడాలి, ఎమ్మారై తీయించమని డాక్టర్లంటే జగదల్‌పూర్ వెళ్లాం. ఒంటిమీద లోహమేదీ ఉండకూడదనగానే ఉంగరం, తాయెత్తు తీసి నా గుప్పిట్లో పెట్టారు.

"గ్రైండింగ్ పనా? కంట్లో ఎప్పుడన్నా ఇనుప రజను పడిందా?" అన్నాడు టెక్నీషియన్.

"పడని రోజేది భయ్యా!" అని నవ్వారీయన.

ముందు కంటికి ఎక్స్‌రే తీశారు. లోపల ఇనుప నలుసు! మెషీన్‌లోని అయస్కాంతం దాన్ని లాగితే చూపే పోతుందట. "అయస్కాంతం లేని సీటీ స్కాన్ తీద్దాం. కానీ మెదడులో చిన్న మచ్చలుంటే అందులో తెలియకపోవచ్చు" అన్నారు డాక్టరుగారు.

"ఒక కన్ను పోతే పోనీ సాబ్, ఇంకోటుందిగా. ఎమ్మారైయే తీయండి" అని మావారు చేతులు జోడించారు. డాక్టరుగారు ఒప్పుకోలేదు.

ఇన్నేళ్లూ డ్యూటీ నుంచి రాగానే ఆయన కంట్లో పడ్డ నలుసుల్ని కొంగు తడిపి నేనే తీసేదాన్ని. ఈ ఒక్కటీ నా కొంగుకు అందలేదు.