ఊ కొట్టని మధ్యాహ్నం

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినదాన్ని. మూట విప్పి పత్తి చేతిలోకి తీసుకుని చూడనిదే మా నాన్న ఏ మాటా నమ్మడు, నేనూ అంతే. శనివారం గోళ్లు తీయొద్దంటే పనిగట్టుకుని శనివారమే తీసుకునే రకాన్ని. ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేదాన్నే.

నేను ఇంట్లోనే కూర్చుని సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. ఇద్దరు స్నేహితులతో కలిసి, పిల్లలు కథలు అల్లడానికి ఒక యాప్ తయారుచేశాం. రాయాలంటే భయపడే పిల్లలు నోటితో చెబుతారు, ఫోన్ దాన్ని అక్షరాల్లోకి మారుస్తుంది. ఎక్కడైనా ఆగిపోతే తర్వాత ఏం జరగొచ్చో ఏఐ రెండు దారులు చూపిస్తుంది. నచ్చితే తీసుకోవచ్చు, లేకపోతే తోసేయొచ్చు.

మొదట్లో పిల్లలు రెండు ముక్కలు చెప్పి నోరు మూసుకునేవారు. కారణం నాకు ఆలస్యంగా వెలిగింది. మన దగ్గర కథ చెప్పేవాళ్లకు ఎదురుగా ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. అందుకని నా గొంతుతోనే ఊ రికార్డు చేసి పెట్టాను. పిల్ల ఒక మాట చెప్పి ఊపిరి తీసుకోగానే ఫోన్ ఊ అంటుంది, అంతే. యాప్ మొత్తంలో అంత మొద్దు భాగం ఇంకొకటి లేదు. చెప్పింది అర్థం చేసుకోవడం దానికి రాదు. దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

దాన్ని పరీక్షించడానికి ఎమ్మిగనూరులో నా స్నేహితురాలు నడిపే ట్యూషన్‌కు వెళ్లాను. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం. పిల్లలు నేనంటే నేనని పోటీపడి కథలు చెప్పారు. ఫోన్ ఒక్కసారి కూడా తడబడలేదు.

పదో తరగతి రూతు మాత్రం దగ్గరికి రాలేదు.

"మా నాయన దారిలో ఉండాడక్కా. పగలు కత సెప్తే దారిలో ఉండేటోళ్లు తప్పిపోతారంట," అంది.

రూతు తండ్రి కూలి పని చేస్తాడు. ఊళ్లో పనులు లేని నెలల్లో వాళ్ల పల్లెవాళ్లు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు, మా వైపు దాన్ని సుగ్గికి పోవడం అంటారు. అతను ఆ రోజే ఊరివాళ్లతో కలిసి టెంపోలో తిరిగొస్తున్నాడు. ఆదివారం చర్చిలో పాటలు పాడే పిల్లకు ఈ చాదస్తం ఎక్కడిదని నేను నవ్వాను. బలవంతం మాత్రం చేయలేదు. కాసేపు గోడకు ఆనుకుని మిగతావాళ్లను చూసింది. చివరికి ఉండబట్టలేక తనే వచ్చింది, ఒక ఉపాయం కూడా తెచ్చుకుంది.

"నాయన ఇంటికొచ్చే కతే సెప్తా. అప్పుడు దారి తప్పడు గదక్కా?"

కథ మొదలైంది. పని అయిపోయింది, నాయన మూట కట్టినాడు, టెంపో ఎక్కినాడు. ప్రతి మాటకూ ఊ. దారిలో టీ కోసం బండి ఆపినారు. ఊ. నాయన దిగి టీ తాగినాడు. ఊ.

"నాయన మళ్లా బండెక్కినాడు."

ఫోన్ పలకలేదు.

రూతు నా వైపు చూసి, అదే మాట మళ్లీ చెప్పింది. పలకలేదు. నేను ఫోన్ తీసుకుని చూశాను. చార్జింగ్ ఉంది. మైకు పనిచేస్తోంది. ఆ మాట తెర మీద అక్షరం పొల్లుపోకుండా పడింది. "ఇవాళ ఎండగా ఉంది" అన్నాను. ఊ అంది. ఫోన్ రూతుకిచ్చాను. "నాయన బండెక్కినాడు." ఏమీ లేదు. గదిలో పిల్లలు ఫోన్ చుట్టూ మూగారు.

రూతు ఫోన్‌ను నోటికి దగ్గరగా పెట్టుకుంది. చాలా మెల్లగా అంది.

"నాయన బండెక్కల్యా."

ఊ.

"ఆడ్నే కూసున్నాడు."

ఊ.

అది నా సొంత గొంతే. అయినా వింటుంటే నాకు భయమేసింది.

వెంటనే రూతు తండ్రికి ఫోన్ చేశాం. స్విచాఫ్. ఎన్నిసార్లు చేసినా అదే. పిల్ల ఏడవలేదు, నా చున్నీ కొస పట్టుకుని వదల్లేదు. టెంపోలో ఉన్న మిగతావాళ్ల నంబర్లు వాళ్లమ్మ దగ్గర ఉంటాయంటే, ఆటోలో వాళ్ల పల్లెకు తీసుకెళ్లాను. మేం చేరేసరికే వీధిలో జనం గుమిగూడి ఉన్నారు. టెంపో బోల్తా పడిందని కబురొచ్చింది. వాళ్లమ్మ గడపలో కూలబడి ఉంది. రూతు ఆమె భుజాలు పట్టుకుని, "నాయన ఎక్కల్యామ్మా, ఎక్కల్యా," అని అదే పనిగా చెబుతోంది. పిల్లకు మతి చలించిందని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. రూతు చెప్పేది నిజం కావాలని నేను ఏ దేవుడికి మొక్కుకున్నానో నాకే తెలియదు.

పొద్దు గూకే వేళకు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది తండ్రే. టీ అంగడివాడి ఫోన్ అడిగి తీసుకున్నాడట. బండి తనను వదిలేసి పోయిందని చెప్పాడు. బోల్తా పడిన సంగతి అతనికింకా తెలియదు.

ఎందుకు ఎక్కలేదని తర్వాత నేనే అతన్ని అడిగాను. అందరూ ఎక్కమని పిలిచారట. లేవకపోయేసరికి, వెనక వచ్చే ఏదో ఒక బండిలో రమ్మని డ్రైవర్ విసుక్కుని కదిలాడట.

"పిలిసింది ఇనపడిందమ్మా. ఎవురో కత సెప్తాండారు, అది అయినాంక లేద్దామనిపించె. తిరిగి సూస్తే ఆడ ఎవురూ లేరు."

మా స్నేహితులు కోడ్ అంతా జల్లెడ పట్టారు. మాటను బట్టి ఊ ఆపమని అందులో ఎక్కడా లేదు. అదే ఫోన్‌లో, అదే గదిలో, అదే మాట మేమంతా చెప్పి చూశాం. ప్రతిసారీ ఊ అంది. కాకతాళీయం అంటారు. సరే, నేనూ చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. రాత్రి పడుకుంటే మాత్రం ఆ సర్దుబాటు నిలవదు.

ఆ టెంపోలో ఇద్దరు చనిపోయారు. ఒకామె రూతు వాళ్ల పక్కింటి వదిన.

రూతు ఆ యాప్ మళ్లీ ముట్టుకోలేదు. ఆ సంగతి ఎత్తింది కూడా ఒక్కసారే. ట్యూషన్ బయట చెప్పులు వేసుకుంటూ, తలెత్తకుండా అడిగింది.

"అక్కా, నేను మా నాయన ఒక్కని కతే సెప్తి. అందరి కత సెప్పింటే అందరూ ఆడ్నే కూసుండేటోళ్లా?"

జవాబు కోసం అలాగే నిలబడింది.