బుల్లప్ప పెంచిన యుక్కా

మా తోటికోడలు బుల్లమ్మని నాను అప్పా అంటాను. కోపం ముక్కు మీదే ఉంటాది దానికి. భోగాపురం అవతల విల్లాల్లో మేమిద్దరం తోటపని సేసీవోళ్లం. ఆ విల్లాల గేటున్న సోటు ఒకప్పుడు అప్పావోళ్ల జీడితోటే. అమ్మీసినారు. బావ పోనాడు, పిల్లల్లేరు. "ఆ మట్టి మీద కాలెట్టాలంటే ఈ పనొక్కటే దారి జగ్గీ. ఇదీ పోతే నానేటైపోతాను?" అనీది రోజూ. ఆ భయమే దాన్ని తినీసినాది.

గేటు కాడికి యుక్కా అని ఓ సెట్టు లారీ మీద తెచ్చినారు. మనిషెత్తు మొద్దు, పైన కత్తుల్లాంటి ఆకులు. సూపర్వైజరు రమేష్‌బాబు ముందే సెప్పినాడు, "బుల్లమ్మా, ఇది ఎండకి బతికే సెట్టు. మొదలు తడిగుంటే కుళ్లిపోతాది. మట్టి బాగా ఎండినాకే నీళ్లు పొయ్యి."

అప్ప ఇంటే గదా! రోహిణీ కార్తె, రోళ్లు పగిలే ఎండ. "మనకే నోరెండిపోతంటే దానికెండదేటి?" అని పొద్దున్నా సందేళా బిందెల్తో పోసీది. మా ఊళ్లో ఏ సెట్టు నీరసపడినా సెరువుమట్టి తెచ్చి మొదట్లో ఎయ్యడం అలవాటు. అదీ గంపల్తో మోసి మొద్దు సుట్టూ కప్పీసినాది. కిందాకులు పసుపెక్కినాయి. దాహమనుకుని ఇంకా పోసినాది. ఓపాలి మొద్దు మీద సెయ్యేస్తే వేలు లోపలికి దిగిపోనాది. ఓలమ్మో, ఆ కంపు!

"సంపీసినాను జగ్గీ, నన్ను గెంటేస్తారు" అని అక్కడే కూలబడి ఏడిసినాది. రమేష్‌బాబు కాళ్లట్టుకున్నాది. ఆ బాబు తిట్టినా దారి సెప్పినాడు. గట్టిగున్న పైముక్క కోసి, కోత ఆరేదాకా నీడలో ఉంచి, గేటు కాడ అదే సోట ఇసకేసి నాటమన్నాడు.

అలాగే సేసినాం. అక్కణ్ణించి అప్ప అవస్థ సూడాల! బిందె మా ఇంట్లో పెట్టీసినాది. "నా సెయ్యి మీద నాకే నమ్మకం లేదే" అన్నాది. ఎండలో మొక్కెదురుగా కూకుని, ఇసక గోరుతో గీకి సూసీది. లోపల సెమ్మ తగిల్తే లెగిసొచ్చీసీది. ఓ పొద్దున్న నడిమిన కొత్తాకు పొడుసుకొచ్చినాది. "బతికిందే జగ్గీ!" అని నన్ను వాటేసుకుని ఏడిసినాది. నానూ ఏడిసినాను, అబద్ధమెందుకు.

ఆ వారమే ఓనరు గారి కారు గేటు కాడ ఆగినాది. దిగి మొక్క మొదట్లో పొడి ఇసక సూసినాడు. "సుక్క నీళ్లు లేవు. కూర్చోడానికా జీతం? రేపట్నుంచి ఈవిణ్ణి రానీకండి" అన్నాడు. "దానికి నీళ్లు పొయ్యకూడదు బాబూ" అని అప్ప దండాలెడతంటే నవ్వినాడు. రమేష్‌బాబు పక్కనే ఉన్నాడు, సచ్చినోడు, బెల్లం కొట్టిన రాయిలాగ! నాను అడ్డమెల్తే నన్నూ బయటికి పొమ్మన్నారు.

మర్నాడు అప్ప ఆగలేక గేటు కాడికి పరిగెట్టినాది. ఎనకాలే నానూ ఎల్లినాను. లోపల కొత్తగా పన్లోకొచ్చిన సోములు, పైపు మొక్క మొదట్లో పడీసి బీడీ ముట్టించుకుంటన్నాడు.

"ఒరే సోములూ, నీళ్లాపరా! సచ్చిపోతాదిరా! నీకు దండమెడతాను, ఆపరా!" ఊసలట్టుకుని గొంతు సించుకుంటన్నాది అప్ప.

"ఓనరు గారే పొయ్యమన్నారు" అని ఆడు అటు తిరిగిపోనాడు. నీళ్లు మొక్క సుట్టూ నిండి, పొంగి, గేటు కిందనించి మా కాళ్ల కాడికొచ్చినాయి. అప్ప ఆ నీళ్లకి రెండు సేతులూ అడ్డమెట్టి కూలబడిపోనాది.