ఎలుగుబంటి వీపు

బుధవారం పొద్దున స్టూడియో నుంచి ఫోన్ వచ్చింది, మా డబ్బింగ్ సార్ పోయారని. నిద్రలోనే గుండె ఆగిందట. అప్పటికి నాలుగు రోజులుగా నేను ఆయనతో మాట్లాడటం లేదు. ఒక సీరియల్లో అత్త పాత్రకి నేను చెప్పిన డైలాగ్ విని, "అంత అరవక్కర్లేదమ్మా, మళ్లీ చెప్పు" అన్నారని హెడ్‌ఫోన్స్ బల్ల మీద పడేసి వచ్చేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాని మూలంగా ఫిలింనగర్‌లో రెండు స్టూడియోలు నన్ను పిలవడం మానేశాయి. ఇంకా పిలిచేది ఆయనొక్కరే.

ఆయన దగ్గర చేరిన కొత్తలో ఒక పాత కార్టూన్‌కి తెలుగు చెప్పాం. అందులో ఎలుగుబంటి పిల్ల గొంతు నాది. ఎలుక దాని తేనెకుండ పగలగొడుతుంది. ఎలుగు రాయెత్తుతుంది, కాసేపటికి దింపేసి, మనకి వీపు పెట్టి కూర్చుంటుంది. బొమ్మ అక్కడితో అయిపోతుంది. మూతి కనబడకపోతే మా డబ్బింగ్ వాళ్లు ఊరుకోలేరు. పెదాలు కలపాల్సిన పని లేదు కదా, ఏదో ఒక మాట తగిలిస్తారు. నేనూ "పోనీలే, క్షమించేశాను" అని తగిలించాను. సార్ తీసేయమన్నారు. ఒళ్లు మండి స్క్రిప్టు చింపేసి, కింద టీకొట్టుకి వెళ్లిపోయాను.

అరగంటకి ఆయనా వచ్చారు. నా టీ పూర్తయ్యేదాకా ఆగి అన్నారు:

"అది క్షమించలేదమ్మా. భుజాలు చూశావా, ఇంకా ఎగిరిపడుతున్నాయి. కోపం ఎక్కడికీ పోలేదు. రాయి మాత్రం దింపింది."

"మరి కథేం తేలినట్టండీ?"

"దింపడమే కథ. మిగతాది కోపం తగ్గాక వాళ్లే మాట్లాడుకుంటారు. ఇప్పుడే చెప్పించేస్తే అబద్ధమైపోతుంది."

ఆయనకే కోపం వస్తే కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. "సార్ అద్దాలు తుడుస్తున్నడు, సప్పుడు చెయ్యకుండ్రి" అని మా సౌండ్ ఇంజినీర్ అందరినీ హెచ్చరించేవాడు. ఎవరైనా అలిగి వెళ్లిపోతే సార్ బతిమాలేవారు కాదు. వేరేవాళ్లని పిలిచేవారూ కాదు.

ఈసారి ఆయన నేర్పినట్టే తగ్గేదాకా ఆగాను. మంగళవారం సాయంత్రానికి తగ్గింది. పొద్దున్నే వెళ్దాంలే అనుకున్నాను. అలా ఆగినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

మధురానగర్‌లో వాళ్లింటికి వెళితే సార్ భార్య నా చెయ్యి పట్టుకున్నారు. "నీకు తగ్గడానికి నాలుగు రోజులు పడుతుందన్నారమ్మా. నీ పాత్ర ఇంకెవరిచేతా చెప్పించొద్దని నిన్ననే స్టూడియోకి ఫోన్ చేశారు" అన్నారు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

పదకొండో రోజు అయ్యాక స్టూడియోకి వెళ్లి ఆ రోజు వదిలేసి వచ్చిన డైలాగ్ చెప్పడానికి మైకు ముందు నిలబడ్డాను.

"షురూ చేద్దామా అక్కా?" అన్నాడు ఇంజినీర్.

"ఒక్క నిమిషం ఆగు, తమ్ముడూ" అన్నాను.

తెర మీద అత్త నోరు సగం తెరిచి, నా మాట కోసం అలాగే నిలబడి ఉంది.