తమ్ముడి పడవలో అక్క

ఎండ చురుక్కుమనకముందే ఆమె పడవను నీళ్ళలోకి నెట్టింది. ఒక్క మనిషి పట్టే సన్నటి పడవ అది. తమ్ముడిది. వానాకాలం మొదట్లో చేపల కోసం వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పడవ మాత్రం బోర్లాపడి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. వెతికేవాళ్ళు కొన్నాళ్ళు వెతికి చేతులెత్తేశారు. ఆమె మాత్రం కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి, దుకాణానికి తాళం వేసి, తెడ్డు పట్టింది.

“బస్సులో వెళ్ళి అడగొచ్చు కదే?” అంది తల్లి.

“రోడ్డు ఊళ్ళకే పోతుందమ్మా. వాణ్ణి తీసుకుపోయింది నీళ్ళు కదా.”

చిన్నప్పుడు వాణ్ణి అందరూ ‘బెండు’ అని పిలిచేవాళ్ళు. ఎంత లోతులోకి తోసినా నవ్వుతూ పైకి తేలేవాడు. ఇప్పుడు ఆమె ముందు ఆ పేరు ఎవరూ ఎత్తడం లేదు.

ఒడ్డున మనిషి కనబడిన ప్రతిచోటా ఆగి అడిగేది. ‘ఎవరూ కొట్టుకురాలేదమ్మా’ అనగానే ప్రాణం లేచొచ్చేది.

అలా కొన్నాళ్ళు తిరిగాక ఒకరోజు ఎదురుగాలి. తెడ్డు వేసిన కొద్దీ పడవ ఉన్నచోటే ఉన్నట్టనిపించింది. అరచేతుల బొబ్బలు చితికిపోయాయి. మధ్యాహ్నానికి ఎలాగో కొండమూల తిరిగితే నాలుగు గుడిసెలు కనిపించాయి. ఒక గుడిసె నీడలో ఒక అవ్వ వల బాగుచేసుకుంటోంది. అవ్వనీ అదే అడిగింది.

“నువ్వేమవుతావు?” అంది అవ్వ.

“అక్కని.”

అవ్వ వల పక్కన పెట్టింది. “ముందు మంచినీళ్ళు తాగు.”

“చెప్పేయ్ అవ్వా.”

“ముఖం గుర్తుపట్టేలా లేదమ్మా. పోలీసులొచ్చి రాసుకుపోయారు. ఎవరూ రాకపోతే మేమే మట్టిచేశాం. చొక్కా ఉతికి దాచాను.”

వెలిసిపోయిన నీలం చొక్కా. ఇలాంటివి ఎందరికి లేవు అనుకుంటూనే దాన్ని తిరగేసింది. చంకల కింద లోపలివైపు పూలగుడ్డ అతుకు. తెడ్డు వేస్తుంటే బిగుతుగా ఉంటోందని వాడు గొణిగితే, “తిండి తగ్గించరా” అని కసిరి, తన పాత జాకెట్టు ముక్క వేసి తనే వదులు చేసింది.

“నాదే,” అంది. అవ్వకు అర్థం కాలేదు. “ఈ కుట్టు నాదే అవ్వా.”

తల్లికి ఫోన్ చేసి, “అమ్మా, నేను వదులు చేసిన చొక్కా...” అంది. మాట పూర్తికాకముందే తల్లికి తెలిసిపోయింది.

“చొక్కా ఒంటి మీదే ఉందా?”

“ఉందమ్మా.”

“చలికి ఓర్చుకోలేడు వెధవ,” అంది తల్లి. ఆ తర్వాత ఫోన్‌లో ఏడుపు తప్ప ఇంకేం వినబడలేదు.

తుప్పల వెనక, రాళ్ళు పేర్చిన మట్టిదిబ్బ చూపించి అవ్వ దూరంగా వెళ్ళి నిలబడింది. ఆమె కూలబడింది.

“ఎంత తిప్పావురా నన్ను! ఇక్కడున్నావా?” అని మట్టిని చేత్తో చరిచింది. ఇన్నాళ్ళూ కళ్ళలోకి రాని నీళ్ళు అప్పుడు కట్టలు తెంచుకున్నాయి. గొంతు పోయేదాకా ఏడ్చింది. దొరకాలని బయల్దేరింది గానీ, దొరక్కూడదనే ప్రతి ఊరూ దాటిందని అప్పుడు తెలిసొచ్చింది.

సాయంత్రం అలలు పెరిగి పడవ కొట్టుకుపోబోతుంటే గుడిసెల్లోని ఆడవాళ్ళు పరుగెత్తి ఒడ్డుకు లాగారు. ఆమెకు చేతులు లేవలేదు.

“ఇంకా ఎంత దూరం పోవాలమ్మా?” అని అడిగింది వాళ్ళలో ఒకావిడ, సంగతి తెలియక.

“ఇక్కడికే వచ్చాను,” అందామె.